దినచర్యలు – వ్రాయువాని బాధ్యత

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమలో కొన్ని పాత లోగిళ్ల అటకలమీద నేటికిని గుడ్డమూటలు కనబడును. విప్పి చూచినచో వానిలో పాత పంచాంగములు, శిస్తు రసీదులు, కొబ్బరికాయల లెక్కల చిఠ్ఠాలు ఉండును. వాని నడుమ ఎవరో పెద్దలు వ్రాసికొన్న డైరీలు ఒకటి రెండు బయటపడును. బిడ్డ పుట్టిన గడియ, గోదావరికి వరద వచ్చిన తేదీ, ఆ యేడు ధాన్యము అమ్మిన ధర, ఇంటికి వచ్చిన చుట్టముల పేర్లు, ఎవరితోనో వచ్చిన మాటపట్టింపు - ఇట్టివి వానియందు నాలుగేసి పంక్తులలో ఉండును.

ఆ యింటి మనుమలు, మునిమనుమలు కూడ నేడు దినచర్య వ్రాయుచునే యున్నారు. అయితే వారు వ్రాయునది కాగితముపై కాదు, చేతిలోని ఫోనుపై. తాతగారి పుస్తకమును ఇంటివారే తెరచి చూడరు. మనుమడు వ్రాసినదానిని అమలాపురములోని మిత్రుడును, అమెరికాలోని మేనమామయు ఒకే నిమిషమున చదువుదురు. ఈ రెంటికి నడుమ భేద మెంత? పోలిక యెంత? తన బ్రదుకును గూర్చి తాను వ్రాసికొనువానికి ఇతరుల యెడల బాధ్యత యేమైన కలదా? ఈ ప్రశ్న క్రొత్తది వలె తోచును గాని, మన చరిత్రలో దీనికి పాత సమాధానములే కలవు. వానిలో కొన్నింటిని నేడు స్మరించుకొందము.

ముందుగా ఆ మాటనే చూతము. ‘దినచర్య’ యను పదమును నేడు మనము డైరీ యను అర్థమున వాడుచున్నాము. పూర్వము దాని యర్థము వేరు. వాగ్భటుని అష్టాంగహృదయములో సూత్రస్థానమందలి రెండవ అధ్యాయము పేరు దినచర్యయే. ఉదయమున లేచినది మొదలు మనుజుడు నడచుకొనవలసిన తీరును అది చెప్పును. అనగా మొదట నడవడి, పిదప వ్రాత. నడవడికి పెట్టిన పేరే వ్రాతకును సంక్రమించినది. ఈ సంగతిని చివర మరల తలచుకొనవలసి వచ్చును.

మన గ్రామములలో వ్రాత యనగా చిరకాలము కరణముగారి వ్రాతయే. పొలముల హద్దులు, శిస్తులు, మాన్యములు, దేవాలయముల సంగతులు కవిలెకట్టలలో నెక్కుచుండెను. కల్నల్ కాలిన్ మెకంజీ పక్షమున పనిచేసిన పండితులు ఊరూర తిరిగి సేకరించిన కైఫీయతులకు ఈ కవిలెలే చాలచోట్ల ఆధారములైనవి. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణముల వ్యవస్థ రద్దయినది. కవిలె యనునది ఊరి లెక్క. అందులో కరణము తన మనస్సును వ్రాయడు. తాను చూచినదానిని, తనకు తోచినదానిని తేదీల వారీగా వ్రాసికొనుట వేరొక విద్య. ఆ విద్యకు దక్షిణదేశమున దొరకిన గొప్ప ఉదాహరణమునకు మన కోనసీమ పొరుగుననున్న యానాముతో దూరపు చుట్టరికము కలదు.

యానాము పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రెంచివారి స్థావర మయ్యెను. వారి ముఖ్యపట్టణమైన పుదుచ్చేరిలో గవర్నరు డూప్లేకు దుబాసీగా నున్న వర్తకుడు ఆనందరంగ పిళ్లై. ఆయన 1709లో పుట్టి 1761లో మరణించెను. తెలుగువారికి ఆయన పరాయివాడు కాడు. కస్తూరి రంగకవి రచించిన ‘ఆనందరంగరాట్ఛందము’ అను తెలుగు లక్షణగ్రంథము ఆయనకే అంకితము. ఈ పిళ్లై 1736 సెప్టెంబరు 6వ తేదీన తమిళమున దినచర్య వ్రాయ మొదలిడి, నడుమ నడుమ వెలితులున్నను, ఇంచుమించు మరణకాలము వరకును కొనసాగించెను. చెవులతో విన్నది, కన్నులతో చూచినది, ఓడల రాకపోకలు, జరిగిన వింతలు - వీనిని వ్రాయుదునని మొదటనే ఆయన చెప్పుకొనెను. విన్నది వేరు, చూచినది వేరు అని ప్రారంభముననే విడదీసి చెప్పిన ఆ మాట గమనింపదగినది.

పిళ్లై తనకొరకు వ్రాసికొనెను. కనుకనే దాపరికము లేదు. వ్యాపారపు లాభనష్టములతో పాటు ప్రత్యర్థులపై కోపము, డూప్లే భార్యపై ఏవగింపు, తన ఘనతపై తనకు గల మక్కువ అన్నియు అందున్నవి. ఆ పుస్తకములు దాదాపు మూడు తరముల కాలము ఆ యింటనే పడియుండెను. 1846లో గాల్వా మోన్‌బ్రూన్ అను ఫ్రెంచి అధికారి వానిని గుర్తించెను. 1904 మొదలు 1928 వరకు మదరాసు ప్రభుత్వము వాని ఆంగ్లానువాదమును పండ్రెండు సంపుటములుగా ప్రకటించెను. ఒక వర్తకుడు తన గదిలో కూర్చుండి వ్రాసికొన్న విసుగులు, ఈసడింపులు నేడు ఏ గ్రంథాలయమున నైనను చదువవచ్చును. చరిత్రకారులకు అది పెన్నిధి. కాని అందు నిందింపబడిన వారికి సమాధానము చెప్పుకొను అవకాశము లేకపోయెను. వారి దినచర్యలు మనకు దొరకలేదు గదా! మొదటి పాఠ మిదియే: రహస్యముగా వ్రాసినదైనను ఎన్నడో ఒకనాడు పాఠకుని వెదకికొనును.

రెండవ ఉదాహరణము మన తెలుగుదే. ఏనుగుల వీరాస్వామయ్యగారు మదరాసులోని సుప్రీముకోర్టులో ద్విభాషిగా ఉన్నతోద్యోగము చేసినవారు. 1830 మే 18వ తేదీన వారు కుటుంబముతోడను పరివారముతోడను కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మదరాసు చేరిరి. రైళ్లు లేని కాలము. కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబల్‌పూరు మీదుగా ప్రయాగకును కాశికిని పోయి, గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగా తూర్పుతీరము వెంబడి మరలి వచ్చిరి. ఈ పదునైదు నెలలకు పైబడిన ప్రయాణములో చూచిన సంగతులను ఎప్పటికప్పుడు వ్రాసి, మదరాసులోని మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లైగారికి పంపుచుండిరి. శ్రీనివాస పిళ్లైగారు వానిని కూర్చి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించిరి. వీరాస్వామయ్యగారు అంతకు రెండేండ్ల ముందే, 1836లో, స్వర్గస్థులైరి. తరువాత 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు విలువైన వివరణలతో ఈ గ్రంథమును మరల ప్రకటించిరి.

ఆనందరంగ పిళ్లై పుస్తకమునకును దీనికిని ముఖ్యమైన భేద మొకటి కలదు. పిళ్లై ఎవరికొరకును వ్రాయలేదు. వీరాస్వామయ్యగారు మాత్రము తన దినచర్యను ఒకరు చదువుచున్నారని తెలిసియే వ్రాసిరి. దారిలో నున్నప్పుడే దానికొక పాఠకుడు ఏర్పడెను. అందుచేత నేటి యువకులు ఫోనులపై వ్రాయు దినచర్యకు మన భాషలో అసలైన పూర్వికుడు ఎవరని అడిగినచో మేము వీరాస్వామయ్యగారి పేరే చెప్పుదుము.

మరి ఆయన వ్రాసిన తీరు ఎట్టిది? మజిలీ నుండి మజిలీకి ఎన్ని ఆమడలు, దారి యిసుకయా రాయియా, నీటి వసతి యెట్లున్నది, అంగళ్లలో ఏ సరకులు దొరకును, దిగుటకు సత్రమో తోపో కలదా, దారిలో సుంకము లెక్కడెక్కడ వసూలు చేయుదురు - ఇట్టివి విసుగు లేక వ్రాసిరి. ఎదుటివానికి పనికివచ్చునని తలచి వ్రాసిన వ్రాత యది. వెనుక వచ్చు యాత్రికుడు ఆ పుస్తకమును నమ్మి అడుగు వేయవలెను. నీరున్నదని వ్రాసినచోట నీరు లేకున్న ఒక బిడారు దప్పికతో అల్లాడును. తన మాటపై ఇంకొకరి ప్రాణము ఆధారపడి యున్నదను ఎరుక వారికి కలదని ఆ వ్రాతయే చెప్పుచున్నది. భాషయు అట్టిదే. గ్రాంథికమే గౌరవమైన ఆ దినములలో వారు పదిమంది మాటలాడు వ్యావహారికములో వ్రాసిరి.

వారు తమ కాలమునకు మించినవారని చెప్పుట మా యుద్దేశము కాదు. కుంపిణీ పాలన యెడల వారికి గల మెప్పుదల, కొన్ని కులముల ఆచారములను గూర్చిన వారి అభిప్రాయములు నేటి మనకు రుచింపవు. అయినను ఒక సుగుణమును కాదనలేము. దూరమును కొలిచి వ్రాసినచోట కొలతగాను, అభిప్రాయము చెప్పినచోట అభిప్రాయముగాను అది పాఠకునికి తెలియుచుండును. కనుకనే అభిప్రాయమును త్రోసిపుచ్చియు మనము కొలతను గ్రహింపగలుగుచున్నాము.

తేదీ వేసి ఉన్నదున్నట్లు వ్రాసిన నాలుగు పంక్తులు ఎంతటి పనిచేయగలవో తెలుపు మరియొక కథ మన తీరముననే జరిగినది. యానామునకు చేరువలో కోరంగి రేవు ఒకప్పుడు ఓడల నిర్మాణమునకును వర్తకమునకును పేరొందినది. 1789లో ఒకమారు, 1839 నవంబరులో మరియొకమారు సముద్రము పొంగి ఆ రేవును ముంచివేసెను. ఆ కాలమున కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అను మాజీ నావికుడు బంగాళాఖాతపు తుపానులను పరిశీలించుచుండెను. ఆయనకు ఆధారములు ఓడల దినచర్యలు. గాలి ఏ మూల నుండి వీచినది, వాయుభారమాపకములో పాదరసము ఎంత దిగినది, తెరచాపలు ఏ గంటకు దించితిమి అని నావికులు పూట పూటకు వ్రాసిన పుస్తకములను తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూచి, గాలి చుట్టలు చుట్టుకొని తిరుగుచున్నదని ఆయన నిరూపించెను. నేడు లోకమంతయు వాడు ‘సైక్లోన్’ అను మాటను పుట్టించినది ఆయనయే. 1848లో వెలువడిన ఆయన గ్రంథమున ఆ పేరు కలదు. ఓడ మునుగునో తేలునో తెలియని గడియలో ఒక నావికుడు గాలి దిక్కును తప్పు వ్రాసినచో ఆ లెక్క కుదిరెడిది కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానును చూచిన కోనసీమ వాసులకు ఈ లెక్క విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక అచ్చమైన ఆంతరంగిక దినచర్యను చూడవలెనన్నచో గురజాడ అప్పారావుగారిని తలచుకొనవలెను. 1862లో పుట్టి 1915లో మరణించిన ఆ మహాకవి తన డైరీలను చాలవరకు ఇంగ్లీషులో వ్రాసికొనిరి. చదివిన పుస్తకములు, కలిసికొన్న మనుష్యులు, విజయనగర సంస్థానపు పనులు, తన అనారోగ్యము వానియందు కలవు. వారి మరణానంతరము చాల ఏండ్లకు అవసరాల సూర్యారావుగారు వానిని తెలుగు చేసి లోకమునకు అందించిరి. ‘కన్యాశుల్కము’ వ్రాసిన చేయి ఇంటిలో ఎట్లు వ్రాసికొన్నదో తెలిసికొన గల్గుట మన భాగ్యము. కాని ఇచ్చట ఒక మాట. పిళ్లై విషయమునను, గురజాడవారి విషయమునను వ్రాతకును ప్రకటనకును నడుమ కాలమను కాపరి యుండెను. కొన్ని దశాబ్దములు గడచినవి. ప్రస్తావింపబడినవారు చాలమంది గతించిరి. సంపాదకుడు కూర్చుండి ఏది యేమని ఆలోచించెను. నేడు ఆ కాపరి లేడు. వ్రాసినవాడు వ్రేలు తీయకమునుపే వ్రాత లోకమున పడుచున్నది. కాలము చేసిన పనిని, సంపాదకుడు చేసిన పనిని ఇకమీదట వ్రాయువాడే చేసికొనవలెను.

ఈ సందర్భమున మా పొరపాటు నొకదానిని చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట కొత్తపేట ప్రాంతమున ఒక రైతు కుటుంబమువారు తమ తాతగారి డైరీలను మాకు చూపిరి. పల్లెజీవనమును గూర్చిన ఒక కార్యక్రమములో ఆ యింటివారి అనుమతితో కొన్ని పుటలు చదివితిమి. అందొక వాక్యము కలదు: పొరుగింటివారు తీసికొన్న అప్పు గడువు దాటినను తీరలేదని. మేము పేరు చదువలేదు. చింతచెట్టు ప్రక్కనున్న యిల్లని మాత్రము చదివితిమి. పేరు లేదు గదా, దోషము లేదని అనుకొంటిమి.

ప్రసారమైన నాలుగవనాడు ఒక పెద్దమనిషి మా కార్యాలయమునకు వచ్చెను. కోపము లేదు, కూర్చుండుమన్నను కూర్చుండలేదు.

‘‘అయ్యా, ఆ చింతచెట్టు పక్కిల్లు మాదేనండి. మా ఊళ్లో చింతచెట్టు ఒక్కటేనండి. ఆ అప్పు మా తాత తీర్చేశాడండి. మరుసటేడు పుస్తకం తమరు చూశారా అండి?’’ అని అడిగెను.

మేము చూడలేదు. వెంటనే వెళ్లి అడిగి చూచితిమి. మరుసటి సంవత్సరపు డైరీలో, సంక్రాంతికి ముందు, అసలు వడ్డీతో సహా ముట్టినదని అదే చేతివ్రాతలో ఉండెను. వ్రాసినవాడు ధర్మాత్ముడు, అప్పును వ్రాసిన చేతితోనే చెల్లును కూడ వ్రాసెను. ఒక పుటనే తెరచిన తప్పు మాది. తరువాతి వారము ఆ రెండవ వాక్యమును కూడ ప్రసారము చేసి క్షమాపణ చెప్పుకొంటిమి. కాని మొదటిదానిని విన్నవారందరు రెండవదానిని కూడ వినిరని చెప్పగలవా రెవ్వరు? ఆ పెద్దమనిషి మరల రాలేదు. గాలిలోనికి పోయిన మాటను వెనుకకు తేలేమని రేడియోలో పనిచేయువారికి మొదటి దినముననే చెప్పుదురు. ఆ మాట అర్థమగుటకు మాకు ఇన్నేండ్లు పట్టినది.

నేడు ప్రతి చేతిలోను ఒక చిన్న ప్రసారకేంద్ర మున్నది. దానివలన కలిగిన మేలు సామాన్యము కాదు. దూరదేశములనున్న బిడ్డలు తల్లిదండ్రుల యోగక్షేమములు గంట గంటకు తెలిసికొనుచున్నారు. అచ్చుకు నోచుకొనని స్త్రీలు, శ్రామికులు తమ బ్రదుకును తమ నుడికారముతోనే వ్రాసికొనుచున్నారు. ఇది పిళ్లై కాలమున గాని వీరాస్వామయ్యగారి కాలమున గాని ఊహింపరానిది. అయితే నిప్పు వంట చేయును, ఇల్లును కాల్చును. 2022 ఏప్రిల్ 4వ తేదీన కోనసీమ వేరు జిల్లాగా ఏర్పడెను. అదే యేడు మే 24వ తేదీన జిల్లా పేరు విషయమై అమలాపురములో అల్లరులు చెలరేగి ఇండ్లు తగులబడెను. తరువాత కొన్ని దినములు జిల్లాలో అంతర్జాల సౌకర్యము నిలిపివేయబడినది. ఆ దినములలో కోనసీమ రెండు సంగతులను తెలిసికొనెను: ఆ సౌకర్యము లేనిదే నేడు పనులు సాగవని, అందులో సాగు మాటలకు ప్రభుత్వములు సైతము భయపడునని.

మరి వ్రాయవలదా? వ్రాయవలెను. దినచర్య లేని కుటుంబమునకు జ్ఞాపకము లేదు. వ్రాయుటలో పాటింపవలసిన మర్యాదలు మాత్రము పైన చెప్పిన పెద్దలే మనకు చూపిరి. చూచినదానిని చూచినట్లును, విన్నదానిని విన్నట్లును వ్రాయుట పిళ్లై నేర్పిన మర్యాద. నా మాటను నమ్మి ఒకరు అడుగు వేయుదురను ఎరుక వీరాస్వామయ్యగారిది. తేదీ, గంట, కొలత తప్పకుండుట కోరంగి తీరపు నావికునిది. అప్పును వ్రాసినవాడు చెల్లును కూడ వ్రాయుట ఆ కొత్తపేట రైతుది.

వీనికి మరియొక దానిని చేర్చవలెను. నా దినచర్యలో నేనొక్కడనే ఉండను. నా భార్య జబ్బు, నా బిడ్డ పరీక్షలో తప్పుట, నా స్నేహితుడు నమ్మి చెప్పిన కష్టము, పొరుగువాని తగవు - ఇవి నా బ్రదుకులోనివే యైనను నావి మాత్రమే కావు. 2017 ఆగస్టు 24వ తేదీన మన సర్వోన్నత న్యాయస్థానమునందు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఆంతరంగిక జీవనమును కాపాడుకొనుట పౌరుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. చట్టము మాట అటుండనిండు. మన ఇండ్లలో పెద్దలు ‘ఇంటి గుట్టు’ అని ఏనాడో దానికి పేరు పెట్టిరి. ముఖ్యముగా పసిపిల్లల సంగతి. వారి చిత్రములను, అల్లరిని, ఏడ్పును నేడు మనము మురిసి వ్రాయుదుము. పదునైదేండ్ల పిమ్మట వారు పెద్దవారై చదివికొందురు. వారిని అడుగుటకు నేడు వీలులేదు గనుక, వారి పక్షమున మనమే అడుగుకొనవలెను.

మొదట ‘దినచర్య’ యను మాటకు నడవడి యని అర్థము చెప్పియుంటిమి. వ్రాతయు నడవడిలోనిదే. పొరుగువారి గడప యెదుట నిలచి చెప్పలేని మాటను రాత్రివేళ ఫోనులో వ్రాయరాదు. వ్రాసినచో మరునాటి సంగతిని కూడ వ్రాయవలెను. అటకమీది మూట మీ యింట నున్నచో, ఈ ఆదివారము దింపి దుమ్ము దులిపి చూడుడు. అందులో చింతచెట్టు ప్రక్కయిల్లు కనబడినచో, తరువాతి పుస్తకమును కూడ తెరచి చూచిన పిమ్మటనే ఇతరులకు చదివి వినిపింపుడు.